గుట్టను చూసి సబ్‌నెట్ గీయాలి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ గుట్ట దాకా మేడల మీద యాంటెన్నాలు నిలబెట్టి, గాలిలో ఇంటర్నెట్ పంచిన చిన్న సర్వీసు మాది. 2005లో 2.4 గిగాహెర్ట్జ్‌కూ, 2007లో 5.8 గిగాహెర్ట్జ్‌లో ఓ చిన్న ముక్కకూ లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం ప్రకటించడంతో మాలాంటివాళ్ళకు దారి దొరికింది. పోల్ బిగించడం, డిష్ తిప్పి సిగ్నల్ పట్టడం తొందరగానే వచ్చేశాయి. ఐపీ లెక్కలు మాత్రం దెబ్బలు తగిలాక గానీ రాలేదు. ఇంటింటికీ ఫైబర్ వచ్చాక ఈ గోల ఎందుకని కుర్రాళ్ళు అడుగుతారు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో రథానికి కరెంటు తగిలి మనుషులు పోయాక, నగరంలో స్తంభాల మీది కేబుళ్ళు కోసుకుంటూ పోయారు. గాలిలో వెళ్ళే దారి ఒకటి ఉండాలని ఆ రోజుల్లో చాలామందికి తెలిసొచ్చింది. అందుకే ఇంకా వినేవాళ్ళు ఉంటారనుకుని చెబుతున్నాను.

1. నెట్‌వర్క్‌ను ఒకే ముక్కగా పెరగనివ్వకూడదు.

మొదట్లో మా రేడియోలన్నీ బ్రిడ్జి మోడ్‌లో ఉండేవి. ఆఫీసులో ఒకే ఒక్క రూటర్, దాని వెనక 192.168.1.0 స్లాష్ 24. కస్టమర్లు పెరిగితే దాన్ని స్లాష్ 22 చేశాం, ఆ తర్వాత స్లాష్ 21. పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాం. ఒక సాయంత్రం ఓ డబ్బింగ్ థియేటర్‌లో కుర్రాడు కొత్త వైఫై రూటర్ తెచ్చి, మా వైరును వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టాడు. అంతే, ఆ డబ్బా గుట్టంతటికీ ఐపీలు పంచడం మొదలుపెట్టింది. దాని అడ్రసూ 192.168.1.1, మా గేట్‌వే కూడా 192.168.1.1. ఫోన్లే ఫోన్లు. “నెట్ కనెక్ట్ అయ్యే ఉంది సార్, పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు.” మేడ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఏఆర్‌పీ టేబుల్ చూస్తే గేట్‌వే మ్యాక్ అడ్రస్ కాసేపు మాది, కాసేపు ఇంకెవరిదో. మ్యాక్‌లో మొదటి ఆరు అక్షరాలను బట్టి తయారుచేసిన కంపెనీ తెలుస్తుంది గనుక అది ఇళ్ళలో వాడే డబ్బా అని అర్థమైంది. ఏ ఇంట్లో ఉందో తెలుసుకోవడానికి మాత్రం సెక్టార్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోవాల్సి వచ్చింది.

దానికంటే పెద్ద నష్టం కంటికి కనిపించలేదు. బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ అందరికీ చేరాలి కాబట్టి రేడియో దాన్ని అన్నిటికంటే తక్కువ వేగంతో పంపుతుంది. ఒక ఇంట్లో పుట్టిన చిన్న చప్పుడు ప్రతి సెక్టార్‌లోనూ గాలిని తినేస్తుంది. సాయంత్రం కాగానే స్లో అయిపోతోందని జనం తిడితే బ్యాండ్‌విడ్త్ చాలడం లేదనుకుని అప్‌స్ట్రీమ్‌కు డబ్బు పోశాం. పోయాల్సింది అక్కడ కాదు. ప్రతి సైట్‌లో ఒక రూటర్, ప్రతి సెక్టార్‌కు ఒక సబ్‌నెట్, సెక్టార్‌లో ఒకరికొకరు కనబడకుండా ఐసొలేషన్, కస్టమర్‌కు పీపీపీఓఈ. ఇవి మొదటి రోజునే చేసి ఉంటే అయ్యే ఖర్చు తక్కువ.

2. ఐపీ అడ్రసు పోస్టల్ అడ్రసు కాదు.

ఇది నేను తెలివితేటలనుకుని చేసిన పని. ముక్కలు చేయాలని నిర్ణయించుకున్నాక, 10తో మొదలయ్యే పెద్ద బ్లాకు చేతిలో ఉంది కదా అని, రోడ్ నంబర్ 36కు 10.36, రోడ్ నంబర్ 45కు 10.45 అని రాసుకుంటూ పోయాను. ఐపీ చూడగానే ఇల్లు ఏ రోడ్డులో ఉందో తెలిసిపోతుందని మురిసిపోయాను. ఆర్నెల్లు తిరక్కుండానే బండారం బయటపడింది. రేడియోకు రోడ్డుతో పనేముంది? అది చూసేది గుట్టను, బండరాళ్ళను, మధ్యలో లేచిన మేడలను. రోడ్ నంబర్ 36లో కొన్ని ఇళ్ళకు చెక్‌పోస్ట్ వైపు టవర్ కనిపిస్తుంది, ఇంకొన్నిటికి పెద్దమ్మ గుడి వైపుది. ఒకే 10.36 రెండు టవర్ల కింద చీలిపోయింది. ఏ ముక్క ఎటుందో ప్రతి రూటర్‌కూ విడివిడిగా చెప్పాల్సి వచ్చి, రూటింగ్ టేబుల్ చాంతాడంత అయింది.

రెండో చిక్కు అంకెలది. 36 నుంచి 45 దాకా వరుసగానే ఉన్నాయనిపిస్తుంది మనకు. రూటర్‌కు అలా అనిపించదు, దానికి తెలిసింది రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఆ పది నంబర్లను చెప్పాలంటే 10.36 స్లాష్ 14, 10.40 స్లాష్ 14, 10.44 స్లాష్ 15 అని మూడు రూట్లు కావాలి. అదే ఫిల్మ్‌నగర్ వైపు టవర్లన్నిటికీ 64 నుంచి 71 దాకా కేటాయిస్తే 10.64.0.0 స్లాష్ 13 అన్న ఒక్క లైనుతో పనైపోతుంది. చివరికి అలాగే చేశాను. టవర్‌కు ఒక స్లాష్ 16, ఒక వైపు ఉన్న టవర్లన్నీ ఒకే గుంపు, గుంపులో సగం ఖాళీ. ఆ ఖాళీని చూసి వృథా అనుకోకండి, రేపు ఏ మేడ దొరుకుతుందో ఎవరికి తెలుసు. నడుస్తున్న నెట్‌వర్క్‌లో అడ్రసులు మార్చడమంటే కస్టమర్ నిద్రపోయే వేళ చేయాల్సిన పని. ఎడిటింగ్ రూములకు నిద్రపోయే వేళంటూ లేదు.

3. పక్కవాడు ఏ నంబర్లు వాడుతున్నాడో ముందే అడగాలి.

జూబ్లీహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, ఆనుకునే ఉన్న బంజారాహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. పేటపేరు చెప్పకుండా నంబరు మాత్రం చెబితే ఆటోవాడు ఎటు తీసుకెళ్తాడో దేవుడికెరుక. ప్రైవేట్ ఐపీలతోనూ ఇదే తంటా. 1996 నుంచి 10, 172.16, 192.168 బ్లాకులు ఎవరైనా వాడుకోవచ్చు, అందుకే అందరూ వాడేశారు. మా కస్టమర్లలో ఒక పోస్ట్ ప్రొడక్షన్ ఆఫీసు చెన్నై స్టూడియోతో వీపీఎన్ పెట్టుకుంది. అక్కడి సర్వర్ కూడా 10లోనే ఉంది. రెండు చోట్లా ఒకే అంకెలు పడేసరికి వాళ్ళ ఫైళ్ళు చెన్నై పోవలసింది మా గుట్ట మీదే తిరిగి చచ్చాయి. తప్పు వీపీఎన్‌ది అని వాదించాను కూడా. 2012లో ప్రొవైడర్ల కోసమే 100.64.0.0 స్లాష్ 10 కేటాయించారు, నలభై లక్షలకు పైగా అడ్రసులు. కస్టమర్‌కు ఇచ్చేది అందులోంచి ఇవ్వండి, 10ని మీ పరికరాలకు ఉంచుకోండి.

4. లింకు చచ్చినా పోర్టు బతికే ఉంటుంది.

స్టాటిక్ రూట్లతో చాలాకాలం నెట్టుకొచ్చాం. రెండు టవర్ల మధ్య లింకు పోతే రూటర్ దానంతటదే రెండో దారి పడుతుందనుకున్నాం. పట్టలేదు. రూటర్‌కూ రేడియోకూ మధ్య ఉండేది రెండు మీటర్ల వైరు. గాలిలో లింకు తెగినా ఆ వైరు బాగానే ఉంటుంది, పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంది, రూటర్ ప్యాకెట్లను శూన్యంలోకి పంపుతూనే ఉంటుంది. శుక్రవారం రిలీజ్ ఉన్న సినిమాకు గురువారం రాత్రి ఇలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. డిజిటల్ ప్రింట్ వందల జీబీ ఉంటుంది, అది హార్డ్ డిస్కులోనో శాటిలైట్‌లోనో ముందే థియేటర్‌కు చేరిపోతుంది. దాన్ని తెరిచే తాళం, కేడీఎం అంటారు, కొద్ది కేబీల ఫైలు, మెయిల్‌లో పోతుంది. ఆ కొద్ది కేబీలు పోక ప్రొడక్షన్ మేనేజర్ ఒకాయన అర్ధరాత్రి మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ తర్వాతే ఓఎస్‌పీఎఫ్‌కు మారాం. అది పది సెకన్లకోసారి అవతలి రూటర్‌ను పలకరిస్తుంది, నలభై సెకన్లు జవాబు రాకపోతే లింకు పోయినట్టు లెక్క. అంత ఆలస్యం వద్దనుకుంటే బీఎఫ్‌డీ పెట్టుకోవచ్చు. కానీ ఓఎస్‌పీఎఫ్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. కాస్ట్‌ను దానికే వదిలేస్తే పోర్టు వేగం చూసి లెక్కగడుతుంది. గిగాబిట్ పోర్టు వెనక అరవై ఎంబీపీఎస్ ఈడ్చే పాత రేడియో ఉందని దానికి తెలియదు. కృష్ణానగర్ మేడ మీది బ్యాకప్ లింకు మీదుగా ఓ రాత్రంతా గుట్ట ట్రాఫిక్ పారిందంటే కారణం అదే. ప్రతి లింకుకూ కాస్ట్ చేత్తో రాయాలి. అదీ డౌన్‌లోడ్ చూసి కాదు. సినిమావాళ్ళ పేటలో అప్‌లోడే ఎక్కువ: వంద జీబీ రషెస్ యాభై ఎంబీపీఎస్‌లో పంపాలంటే నాలుగున్నర గంటలు.

ఇంకొకటి. టవర్‌కు పెద్ద బ్లాకు ఇచ్చి, అందులో సగమే వాడుతున్నప్పుడు, ఖాళీ అడ్రసుకు వచ్చిన ప్యాకెట్ టవర్ రూటర్ నుంచి డిఫాల్ట్ రూట్ పట్టుకుని వెనక్కి పోతుంది, కోర్ మళ్ళీ టవర్‌కే తోస్తుంది. టీటీఎల్ అయిపోయేదాకా ఆ బంతాట సాగుతుంది. లోపల ఏ కస్టమర్ కంప్యూటరో స్కాన్ మొదలుపెడితే చాలు, లింకు నిండిపోతుంది. టవర్ రూటర్‌లో ఆ బ్లాకు మొత్తానికి ఒక బ్లాక్‌హోల్ రూట్ వేసి ఉంచండి.

5. లింకులకు విడిగా ఒక బ్లాకు ఉండాలి.

టవర్‌కూ టవర్‌కూ మధ్య స్లాష్ 30 వాడితే నాలుగులో రెండు పోతాయి, స్లాష్ 31 వాడండి. లూప్‌బ్యాక్‌లు ఒక చోట, రేడియో మేనేజ్‌మెంట్ ఇంకో చోట. కొత్త రేడియోలు పెట్టెలోంచి తీసి రెండూ ఒకేసారి ఆన్ చేయకండి, యూబిక్విటీవైతే రెండూ 192.168.1.20 అంటూ లేస్తాయి.

6. ఈ గుట్ట మీద ఏ లింకూ శాశ్వతం కాదు.

5.8 గిగాహెర్ట్జ్‌లో రెండు కిలోమీటర్ల లింకుకు మధ్యలో చూపు దారి చుట్టూ అయిదు మీటర్ల వ్యాసార్థంలో ఫ్రెనెల్ జోన్ ఉంటుంది. అందులో అరవై శాతమైనా ఖాళీగా ఉండాలి. అవతలి డిష్ కంటికి కనిపిస్తే చాలదన్నమాట. నేను లింకు పెట్టినప్పుడు ఖాళీగా ఉన్న బండల మీద ఇప్పుడు అయిదంతస్తులు. వానాకాలం రాగానే గుబురెక్కే చెట్లు, సంక్రాంతికి మాంజా తీసుకుని మేడెక్కి పోల్‌ను పట్టుకు ఊగే పిల్లలు, యూపీఎస్ ప్లగ్గు పీకి ఇస్త్రీపెట్టె పెట్టుకునే వాచ్‌మన్, ఇల్లు అమ్మేసి డబ్బాలు దించేయమనే యజమాని. వీళ్ళెవరి మీదా కోపం పెట్టుకుని లాభం లేదు. ప్రతి టవర్‌కూ రెండు వైపుల నుంచి దారి ఉండేలా రింగు కట్టుకోవాలి. ఒక సైట్ పూర్తిగా పోతే దాని కస్టమర్లను ఏ టవర్‌కు తిప్పాలో ముందే రాసుకోవాలి. టవర్‌ను బట్టి అడ్రసులు ఇచ్చినవాడికే ఇది సాధ్యం. నేను రోడ్డును బట్టి ఇచ్చిన రోజుల్లో ఒక్క మేడ పోతే ఎవరి ఐపీలు ఎటు పోయాయో తేల్చుకోవడానికే తెల్లారేది.

7. అప్‌స్ట్రీమ్ రెండు ఉంటే సరిపోదు, రెండు దారుల్లో రావాలి.

ఇద్దరి దగ్గర లైన్లు తీసుకున్నాం. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తున్నాయని స్తంభం కూలాక తెలిసింది. బీజీపీ సంగతి ఇంకా జాగ్రత్త. ఐఆర్ఐఎన్ఎన్ దగ్గర సొంత ఏఎస్ నంబరూ, ఒక స్లాష్ 24 బ్లాకూ తెచ్చుకోండి, అంతకంటే చిన్న ముక్కను ప్రపంచం సాధారణంగా తీసుకోదు. మీ బ్లాకు తప్ప ఇంకేదీ బయటికి పోకుండా ఫిల్టర్ రాయండి. లేకపోతే ఒక అప్‌స్ట్రీమ్ రూట్లను ఇంకో అప్‌స్ట్రీమ్‌కు చెప్పి, ఆ ఇద్దరికీ మధ్య మీ గుట్టే దారి అవుతుంది. 2008 ఫిబ్రవరిలో యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపబోయి పాకిస్తాన్ టెలికామ్ 208.65.153.0 స్లాష్ 24 ప్రకటించింది. యూట్యూబ్ ప్రకటించినది స్లాష్ 22. చిన్న ముక్క చెప్పినవాడిదే గెలుపు గనుక ప్రపంచమంతటా యూట్యూబ్ దాదాపు రెండు గంటలు మూగబోయింది. పైవాడు ఫిల్టర్ పెట్టి ఉంటాడులే అనుకోవడం అక్కడా కొంప ముంచింది.

8. గడియారం కూడా నెట్‌వర్క్‌లో భాగమే.

పబ్లిక్ ఐపీలు కొన్నే, కస్టమర్లు వందలు, కాబట్టి న్యాట్ తప్పదు. ఒక్కో కస్టమర్‌కు వెయ్యి పోర్టులు కేటాయిస్తే ఒక ఐపీ వెనక అరవైనలుగురు పడతారు. ఎవరికి ఏ పోర్టులో ముందే లెక్క ప్రకారం నిర్ణయిస్తే లాగులు కొండలా పేరుకోవు. ఐఎస్‌పీ లైసెన్సు ప్రకారం వాటిని రెండేళ్ళు దాచాలి మరి. నేను ఆ లెక్క కట్టలేదు. న్యాట్‌ను రూటర్ ఇష్టానికి వదిలేసి, లాగులు వస్తున్నాయి కదా అనుకున్నాను.

2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సగం సినిమా బయటికొచ్చిన తర్వాత ఈ పేటలో పైరసీ అంటే అందరికీ భయం పట్టుకుంది. ఆ తర్వాత కొంతకాలానికి ఇంకో సినిమా క్లిప్పు విషయంలో మాకు నోటీసు వచ్చింది: ఫలానా ఐపీ, ఫలానా పోర్టు, ఫలానా సమయంలో ఎవరు? లాగు తీసి పేరు ఇచ్చాను. ఒక ఎడిటింగ్ రూములో అసిస్టెంటు, పాతికేళ్ళ లోపు కుర్రాడు. నోటీసులో ఉన్నది మన టైము. మా రూటర్ రాసింది యూటీసీ. అయిదున్నర గంటల తేడా. ఆ సమయానికి ఆ పోర్టు అతనిది కానే కాదు. రెండు రోజుల తర్వాత నాకే అనుమానం వచ్చి మళ్ళీ చూసి, పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. పోలీసులు వదిలేశారు. ఎడిటర్ మాత్రం అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు.

ఇంకో సైట్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ 1970 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెట్టేది, లోపల గడియారానికి బ్యాటరీ లేదు. అదీ అప్పుడే చూశాను. ఇప్పుడు 2022 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీ సర్వర్లతోనో, వాటిని అనుసరించే సర్వర్లతోనో సమయం కలిపి ఉంచడం తప్పనిసరి. ప్రతి టవర్ రూటర్‌లో ఆ లైను ఉందో లేదో చూడండి. లాగు ఏ టైమ్‌జోన్‌లో ఉందో ఫైలు పేరులోనే రాయండి. నోటీసుకు జవాబిచ్చేముందు ఇద్దరు మనుషులు విడివిడిగా ఆ లైను చదివి సంతకం పెట్టాలి.