‘కౌటౌ’ – ‘సలాం’: అర్థాపకర్ష

చైనా భాషలో ‘ఖౌ’ అనగా తట్టడం, ‘థౌ’ అనగా తల. నుదురు నేలకు తాకేటట్లు మ్రొక్కడం ‘ఖౌథౌ’. బిడ్డలు తల్లిదండ్రులకు, పూర్వులకు చేసే ఈ వందనంలో చిన్నతనమేమీ లేదు. చక్రవర్తి సన్నిధిలో మాత్రం మూడు పర్యాయాలు మోకరిల్లి, తొమ్మిది పర్యాయాలు తల తాకించవలసి ఉండేది. 1793లో ఆంగ్ల రాయబారి మెకార్ట్నీ ఒక్క మోకాలు వంచడానికే ఒప్పుకున్నాడు. 1816లో ఆమ్‌హర్‌స్ట్ నిరాకరించి, దర్శనమే లేక మరలాడు. ఆంగ్లేయుల నోట ఆ పదమే ‘కౌటౌ’ అయి, అధికారి అడుగులకు మడుగులొత్తడమనే నిందార్థంలో స్థిరపడింది.

ఈ విషయంలో మనమూ తక్కువవారం కాము. అరబ్బీలో ‘సలాం’ అనగా శాంతి. ఉర్దూలో మర్యాదపూర్వకమైన పలకరింపు. తెలుగులో ‘సలాములు కొట్టేవాడు’ ఎవరో విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. ఉదయం ఇంట్లో పెద్దలకు సలాం చేసి వచ్చిన పిల్లవాడే తరగతిలో ఈ మాట విని నవ్వుతాడు.