అమ్మ పేరు పెట్టిన యంత్రం

అక్కలారా, అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఎప్పుడైనా నడిచారా? ఆ దారిలో ఎన్ని చీరల దుకాణాలో! అద్దాల వెనక బొమ్మలకు పట్టుచీరలు కట్టి నిలబెడతారు. వాటిలో పోచంపల్లి చీరను ఇట్టే గుర్తుపట్టవచ్చు. దాని పువ్వుల అంచులు గీత గీసినట్టు ఉండవు. రంగు కొంచెం పక్కకు పాకినట్టు ఉంటుంది. అది లోపం కాదు. అదే దాని అందం.

ఆ చీరకు ధర చీటీ ఉంటుంది. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదివితే గుండె గుభేలుమంటుంది. అంత ధర ఎందుకు? పట్టు ఖరీదు కొంత. రంగుల ఖరీదు కొంత. దుకాణం వాళ్ళ లాభం కొంత. మిగిలింది మనుషుల కష్టం. ఆ కష్టంలో ఒక భాగం చీటీలో కనబడదు. ఎవరూ దాని గురించి మాట్లాడరు. దాని పేరు ఆసు పోయడం.

ఆ పనికి ఒక మనిషి యంత్రం కనిపెట్టాడు. ఆయన కథ ఈ పాఠంలో చదువుదాం.

ఆసు అంటే ఏమిటి?

మామూలు బట్టను ముందు నేస్తారు, తర్వాత అద్దకం వేస్తారు. పోచంపల్లి చీరకు అట్లా కాదు. నేయకముందే దారానికి రంగు వేస్తారు. దారాలను వరసగా పరుస్తారు. వాటి మీద డిజైను గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు ముక్కలతో గట్టిగా కడతారు. తర్వాత రంగులో ముంచుతారు. కట్టు విప్పితే అక్కడ దారం ముందున్నట్టే ఉంటుంది. ఇట్లా ఒక రంగు తర్వాత ఇంకో రంగు. చివరికి ఆ దారంతో నేస్తుంటే మగ్గం మీద పువ్వు దానంతట అదే విచ్చుకుంటుంది.

కానీ ఒక్క పోగు అటూ ఇటూ అయితే పువ్వు చెదిరిపోతుంది. అందుకే దారాన్ని ముందే లెక్కగా పరవాలి. దానికి ఒక చట్రం ఉంటుంది. ఒక చివర ఒక మేకు. ఎదురుగా అర్ధచంద్రం ఆకారంలో మేకుల వరస. దారం పట్టుకొని ఈ మేకు నుంచి ఆ మేకుకు పోవాలి. మళ్ళీ వెనక్కి రావాలి. కొన్ని చుట్లు అయ్యాక పక్క మేకుకు జరగాలి. చుట్లు లెక్క తప్పకూడదు. దారం వదులు కాకూడదు, తెగకూడదు. దీన్నే ఆసు పోయడం అంటారు.

ఒక చీరకు చేయి ఇట్లా ఎన్నిసార్లు ఆడాలి? దాదాపు 9,000 సార్లు. ఒక్కోసారి మీటరు దూరం. మనం లెక్కలు నేర్చుకున్నాం కదా, వేసి చూడండి. 9,000 మీటర్లు అంటే 9 కిలోమీటర్లు. అమీర్‌పేట నుంచి చార్మినార్‌కు దాదాపు అంత దూరం ఉంటుంది. ఒక చీర కోసం ఒక ఆడమనిషి చేయి అంత దూరం పోతుంది. కూర్చున్నచోటు నుంచి ఆమె మాత్రం కదలదు. దీనికి నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు.

ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. వంట అయ్యాక, పిల్లలను బడికి పంపాక కూర్చునేవాళ్ళు. రాత్రికి భుజం లేవదు. మోచేయి గుంజుతుంది. కళ్ళు మండుతాయి. చీర అమ్మితే డబ్బు మగ్గం పేరు మీద వస్తుంది. ఆసు పోసిన చేతికి వేరే కూలి రాసే ఇళ్ళు తక్కువ. ఇది నాకు సబబుగా అనిపించదు. ఇంటి పని అయినంత మాత్రాన అది పని కాకుండా పోతుందా?

మల్లేశం

చింతకింది మల్లేశం గారి ఊరు శారాజీపేట. ఆలేరు దగ్గర ఉంటుంది. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. నేత కుటుంబం. ఆరో తరగతితో ఆయన బడి ఆగిపోయింది. మగ్గం పనిలో పడ్డాడు.

ఆయన తల్లి పేరు లక్ష్మి. ఆమె ఏళ్ళ తరబడి ఆసు పోసింది. భుజాల నొప్పితో బాధపడేది. కొడుకు రోజూ ఆ నొప్పి చూశాడు. నొప్పి మాన్పడానికి తైలం తేవచ్చు. పని మానేయమని చెప్పవచ్చు. అయితే ఆసు లేకపోతే చీర లేదు, చీర లేకపోతే కూడు లేదు. కాబట్టి ఆయన నొప్పిని వదిలి పనిని చూశాడు. అమ్మ చేయి ఏం చేస్తున్నది? ముందుకు పోతున్నది. మేకు చుట్టూ తిరుగుతున్నది. వెనక్కి వస్తున్నది. లెక్క అయ్యాక పక్కకు జరుగుతున్నది. ఒక్కో కదలికను విడదీస్తే, ఒక్కోదానికి ఒక భాగం తయారు చేయవచ్చు.

చెప్పడానికి నాలుగు మాటలు. చేయడానికి ఏడేళ్ళు పట్టింది. 1992లో మొదలుపెట్టాడు. చెక్కలు, ఇనుప ముక్కలు, మోటారు కొన్నాడు. ఒక భాగం కుదిరితే ఇంకోటి కుదరలేదు. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పులు అయ్యాయి. నేసుకుని బతకక ఈ పిచ్చి ఏమిటని ఊళ్ళో వాళ్ళు అన్నారు. ఆయన హైదరాబాద్ వచ్చి కరెంటు పనులకు కుదిరాడు. సంపాదించిన దాంట్లో కొంత మళ్ళీ యంత్రానికే పెట్టాడు.

అన్నిటికంటే కష్టమైంది మేకు చుట్టూ దారం తిప్పడం. చేతికి మణికట్టు ఉంది, తిరుగుతుంది. ఇనుముకు మణికట్టు ఎట్లా వస్తుంది? దాని దగ్గరే ఆయన ఆగిపోయాడు. ఒకరోజు బాలానగర్‌లో పనికి పోయాడు. బాలానగర్ మనకు దూరం కాదు. అమీర్‌పేటలో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే ఆరో స్టేషను. చిన్న చిన్న ఫ్యాక్టరీలు, లేత్ మిషన్ల చప్పుడు. అక్కడ ఆడుతున్న ఒక యంత్రం ఆయన కంట్లో పడింది. అది చేసే పని వేరు. ఆసుకూ దానికీ సంబంధం లేదు. కానీ అందులో ఒక భాగం కదిలే తీరు తనకు కావలసిన తీరే! ఆ యంత్రం పక్కన రోజూ ఎంతమంది తిరిగి ఉంటారో. ఏడేళ్ళు ఒక కదలిక కోసం వెతికిన మనిషికే అది కనబడింది.

1999లో యంత్రం పూర్తయింది. చేత్తో నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరలో అయిపోయింది. మనిషి పక్కన ఉండి దారం తెగకుండా చూసుకుంటే చాలు. దానికి తల్లి పేరు పెట్టాడు. లక్ష్మి ఆసు యంత్రం.

ఆయన అక్కడితో ఆగలేదు. మొదటి యంత్రాన్ని సరిచేసి ఇంకోటి చేశాడు. తర్వాత ఎలక్ట్రానిక్ భాగాలు పెట్టాలనుకున్నాడు. పుస్తకాలు కొని చదివి నేర్చుకున్నాడు. మన అమీర్‌పేటలో గోడ గోడకు కంప్యూటరు కోర్సుల బోర్డులు ఉంటాయి. బీటెక్ చదివిన పిల్లలు కూడా అక్కడ ఫీజు కట్టి నేర్చుకుంటారు. ఆరో తరగతి మనిషి అదే రకం చదువు సొంతంగా చదివాడు.

మా క్లాసులో ఒక అక్క అడిగింది, "ఆయనను ఇంజనీరు అనవచ్చా టీచర్?" అని. కాగితం ప్రకారం కాదు. మరి కష్టం ఏదో చూసి, కొలిచి, దానికి యంత్రం చేసేవాడే కదా ఇంజనీరు? నేనైతే అంటాను.

పేటెంటు అంటే ఏమిటి?

యంత్రం బాగుంది. నలుగురూ చూశారు. చూసినవాడు అలాంటిదే చేసి అమ్ముకుంటే? ఏడేళ్ళ కష్టం, అప్పులు ఎవరు తీరుస్తారు? దీనికోసం ఒక చట్టం ఉంది. పేటెంట్ల చట్టం, 1970. తర్వాత దాన్ని చాలాసార్లు మార్చారు.

పేటెంటు అనేది సర్కారు ఇచ్చే హక్కు. కొత్త వస్తువును కనిపెట్టినవాళ్ళకు ఇస్తారు. వాళ్ళ అనుమతి లేకుండా ఇతరులు దాన్ని చేసి అమ్మకూడదు. ఈ హక్కు అర్జీ పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళు ఉంటుంది. బదులుగా కనిపెట్టినవాళ్ళు దాని గుట్టు అంతా రాసి ఇవ్వాలి. ఏ భాగం ఎక్కడ, ఎట్లా పనిచేస్తుంది, బొమ్మ గీసి చూపాలి. 20 ఏళ్ళ తర్వాత దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు. నాకు ఈ ఏర్పాటు న్యాయంగానే కనిపిస్తుంది. కొన్నాళ్ళు నీది, తర్వాత అందరిది.

అన్నిటికీ పేటెంటు రాదు. వస్తువు కొత్తది అయి ఉండాలి. తెలిసిన పనివాడికి ఇట్టే తట్టేది కాకూడదు. పనికివచ్చేది కావాలి. మన పెద్దలకు ఎప్పటినుంచో తెలిసినదానికి ఇవ్వరు. చేత్తో ఆసు పోయడానికి ఎవరూ పేటెంటు తీసుకోలేరు. యంత్రానికి తీసుకోవచ్చు.

పసుపు సంగతి వినండి. దెబ్బ తగిలితే పసుపు అద్దుతాం. మన నాయనమ్మలకు తెలిసిన వైద్యం. దానికి 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది! మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి అభ్యంతరం చెప్పింది. "మా నాయనమ్మ చెప్పింది" అంటే వాళ్ళు ఒప్పుకోరు కదా. పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు వెతికి చూపారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

మల్లేశం గారి విషయంలో కొందరు తోడు వచ్చారు. హైదరాబాద్‌లో పల్లె సృజన అనే సంస్థ ఉంది. సైన్యంలో పనిచేసిన బ్రిగేడియర్ గణేశం గారు దాన్ని నడిపారు. ఊళ్ళు తిరిగి ఇలాంటి మనుషులను వెతికేవారు. గుజరాత్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. అది 2000లో మొదలైంది. చదువు లేకుండా కొత్తవి కనిపెట్టినవాళ్ళ తరఫున పేటెంటు అర్జీలు పెడుతుంది. ఆ విధంగా ఆసు యంత్రానికి పేటెంటు వచ్చింది. 2017లో భారత ప్రభుత్వం మల్లేశం గారికి పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన జీవితం మీద 'మల్లేశం' అనే సినిమా వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు.

కాగితం లేకపోతే

మనలో చాలామంది ఇళ్ళల్లో హెచ్‌.ఎం.టి. బియ్యం వండుతారు. ఆ రకం వరిని కనిపెట్టింది ఎవరు? దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు. ఊరు మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లాలో ఉంది. 1980ల్లో తన పొలంలో వేరుగా కనబడ్డ కంకులను ఏరాడు. ఏళ్ళ తరబడి వాటిని పెంచి కొత్త రకం తీశాడు. అప్పట్లో పేరున్న చేతి గడియారం పేరు దానికి వచ్చింది. అది మన తెలంగాణ దాకా పాకింది. వ్యాపారులు బాగుపడ్డారు. ఆయనకు మాత్రం ఏమంత మిగల్లేదు. 2018లో పేదరికంలోనే చనిపోయాడు. మన దేశంలో విత్తనానికి పేటెంటు ఇవ్వరు. రైతు కనిపెట్టిన రకానికి హక్కు ఇచ్చే చట్టం 2001లో గానీ రాలేదు. అప్పటికే ఆ వరి ఊరూరా పండుతున్నది.

కాగితం ఉంటే చాలా? అదీ కాదు. పేటెంటు డబ్బు తెచ్చి ఇంట్లో పోయదు. దాన్ని నిలుపుకోవడానికి మూడో ఏడాది నుంచి ఏటేటా రుసుము కట్టాలి. ఎవడన్నా దొంగతనంగా చేస్తే మనమే కోర్టుకు పోవాలి. యంత్రం చేయాలి, అమ్మాలి, చెడిపోతే పోయి బాగుచేయాలి. మల్లేశం గారు అదే చేశాడు. ఆలేరులో చిన్న కార్ఖానా పెట్టాడు. అడిగినవాళ్ళకు యంత్రాలు చేసి ఇచ్చాడు. కొనేవాళ్ళు తనలాంటి నేతవాళ్ళే. వాళ్ళ దగ్గర ఎక్కువ ధర అడగలేం. కాబట్టి ఈ వ్యాపారంలో మేడలు లేవవు. అయినా వందల ఇళ్ళకు యంత్రాలు చేరాయి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కొందరు ఆడవాళ్ళు ఇతరుల ఇళ్ళకు ఆసు పోసి కూలి తెచ్చుకునేవాళ్ళు. యంత్రం వస్తే ఆ కూలి ఏమవుతుంది? యంత్రం కొన్న ఇంట్లో ఆమెతో పని తక్కువ. యంత్రం ఆమెదే అయితే అదే పూటలో మూడు చీరలకు పోసి కూలి పెంచుకోవచ్చు. అంటే యంత్రం ఎవరి చేతిలో ఉన్నదన్నది ముఖ్యం. సంఘంలో పొదుపు చేసే అక్కలు ఈ సంగతి మాట్లాడుకోవాలి.

మీరు ఏదన్నా కొత్తది చేస్తే

ముందు దాన్ని నలుగురికీ చూపకండి. అందరికీ తెలిసిపోయాక అది కొత్తది కాదంటారు, పేటెంటు రాకపోవచ్చు. తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోండి. బొమ్మ గీయండి. వస్తువు పూర్తి కాకపోయినా తాత్కాలిక అర్జీ పెట్టవచ్చు. 12 నెలల్లో పూర్తి వివరం ఇవ్వాలి. సొంత పేరు మీద కంప్యూటరులో అర్జీ పెడితే రుసుము 1,600 రూపాయలు. తర్వాత పరీక్షించడానికి వేరే కట్టాలి. మన రాష్ట్రానికి పేటెంటు ఆఫీసు చెన్నైలో ఉంది. అర్జీ రాయడం మాత్రం తేలిక కాదు, తెలిసినవాళ్ళ సాయం కావాలి. డబ్బు తీసుకొని "పేటెంటు ఇప్పిస్తాం" అనేవాళ్ళు ఉంటారు. సంతకం పెట్టేముందు అర్జీలో ఎవరి పేరు ఉందో మీరే చదవండి.

ఇప్పుడు ఒక అభ్యాసం. మీరు రోజూ చేసే ఒక పని తీసుకోండి. రొట్టెలు చేయడం, గిన్నెలు తోమడం, మిషన్ కుట్టడం, పూలు కట్టడం, ఏదైనా సరే. అందులో చేయి ఎన్ని రకాలుగా కదులుతుంది? ఏ కదలికకు నొప్పి వస్తుంది? గంటకు ఎన్నిసార్లు? లెక్కపెట్టి రాసి తీసుకురండి. రేపు చదువుకుందాం.