ఫోటోగ్రఫీ ప్రాక్టీస్ ఎక్కడ చెయ్యాలి? చీరాల మగ్గం గదిలో నేను నేర్చుకున్నది

"అన్నా, ఏ ఫోన్ కొంటే ఫోటోలు బాగా వస్తాయి?" అని అడిగే తమ్ముళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ మధ్య ఇంకో ప్రశ్న ఎక్కువగా వస్తోంది. "ఫోన్ కొన్నా, ప్రో మోడ్ గురించి వీడియోలన్నీ చూశా. కానీ తియ్యడానికి మా ఊళ్లో ఏముంది?"

నాకూ ఒకప్పుడు ఇదే బాధ. బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరాక, మొదటి సంవత్సరం దాచిన డబ్బులతో కెమెరా బాగుంటుందని పేరున్న ఫోన్ కొన్నా. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఉండేది చీరాలలోనే. ప్రతి ఆదివారం తెల్లారుజామున బండేసుకుని వాడరేవు వెళ్లడం, సముద్రంలోంచి సూర్యుడు వస్తుంటే ఒక నలభై ఫోటోలు తియ్యడం, ఇంటికొచ్చి రంగులు పెంచడం. ఆరు నెలల తర్వాత గ్యాలరీ తెరిచి చూస్తే మొదటి ఆదివారం ఫోటోకీ చివరి ఆదివారం ఫోటోకీ తేడా లేదు. కష్టపడలేదా అంటే పడ్డా. కానీ తప్పు తీశానని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. సూర్యోదయాన్ని ఎంత ఎర్రగా చేసినా, "ఆ రోజు ఆకాశం ఇలా లేదు" అని ఎవరొచ్చి అడుగుతారు?

అందుకే మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మీ ఫోటో ఎవరికో ఒకరికి నిజంగా అవసరమయ్యే చోటు వెతుక్కోండి. తప్పు జరిగితే వాళ్లే చెప్తారు. మా ఊళ్లో నాకు ఆ చోటు మగ్గం గది.

చీరాల తెలియనివాళ్లకి రెండు మాటలు. బట్టల వ్యాపారం వల్ల దీన్ని చిన్న బొంబాయి అనేవాళ్లు. చుట్టుపక్కల జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం వైపు వెళ్తే చేనేత కుటుంబాలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడి తేలియా రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాల దాకా వెళ్లాయి. ఇప్పుడు చీరాల కుప్పడం చీరలకి పేరు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక బాబాయి, పిన్ని గుంట మగ్గం మీద నేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ టకటక వింటూనే ఉన్నా. ఫోటో తియ్యాలన్న ఆలోచన మాత్రం ఫోన్ కొన్న ఆరు నెలలకి గానీ రాలేదు. దగ్గరున్నది కంటికి ఆనదు కదా.

మగ్గం గదిలో వెలుగు

మొదటి రోజు తీసిన ఫోటోలన్నీ చెత్తబుట్టలోకే. కారణాలు చెప్తా, మీకు పనికొస్తాయి.

గుంట మగ్గం అంటే నేసేవాళ్లు కాళ్లు గుంటలో పెట్టుకుని కూర్చుంటారు. అంటే వాళ్ల చేతులు, బట్ట దాదాపు నేల ఎత్తులో ఉంటాయి. నేను నిలబడి తీస్తే వచ్చింది బాబాయి నడినెత్తి. నేల మీద కూర్చుని, ఫోన్ ఆయన ఛాతీ ఎత్తుకి తెచ్చాక గానీ పడుగు దారాలన్నీ ఒక దారిలా ఆయన వైపు వెళ్లడం కనపడలేదు. ఇంకోటి, ఫోన్ మెయిన్ కెమెరా చాలా వెడల్పుగా చూస్తుంది. దానితో మొహానికి దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తియ్యండి. ఇది ఏ ఫోన్‌కైనా వర్తిస్తుంది.

అసలు పాఠం నాడెతో వచ్చింది. తాడు లాగగానే నాడె ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. ఆటో మోడ్‌లో అది ఉన్నట్టే కనపడదు. సరిగ్గా ఇక్కడే షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ అంటే ఏంటో నాకు బుర్రకెక్కింది. పది వీడియోలు చూసినా ఎక్కనిది! ఫోన్ కెమెరాలో అపర్చర్ మామూలుగా మారదు, కాబట్టి మన చేతిలో ఉన్నవి ఈ రెండే. ఆ గదిలో తలుపు వెలుతురుకి 1/25 సెకను, ఐఎస్ఓ 150 దగ్గర వెలుగు సరిపోయిందనుకోండి. నాడె ఇంకొంచెం ఆగినట్టు కావాలని 1/100కి వెళ్తే వెలుగు నాలుగో వంతే అందుతుంది, అంటే ఐఎస్ఓ నాలుగింతలు, 600. ఇంకా ఆగాలని 1/400కి వెళ్తే 2400. అక్కడికి ఫోటో నిండా గింజలు. ఏది వదులుకోవాలో మీరే తేల్చుకోవాలి. నేను చివరికి అటు కాకుండా ఇటు వెళ్లా. ఫోన్‌ని పీట మీద ఆనించి 1/15 పెట్టి, బాబాయి ఒక్క క్షణం తల కదపనప్పుడు నొక్కా. మొహం స్పష్టంగా, నాడె ఒక తెల్లటి గీతలాగా వచ్చింది. నైట్ మోడ్ మాత్రం ఇలాంటి చోట వాడకండి. అది చాలా ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది, కదిలే చేతులు దయ్యం చేతుల్లా వస్తాయి.

సాయంత్రం వెళ్తే ఇంకో చిక్కు. ట్యూబ్‌లైట్ కింద 1/400లో తీస్తే ఫోటో మీద అడ్డంగా నల్ల చారలు. మొదట ఫోన్ పాడైందనుకున్నా. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే పాత ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు ఎక్కువా తక్కువా అవుతుంటాయి. ఫోన్ సెన్సర్ ఫోటోని ఒకేసారి కాకుండా వరస వరసగా చదువుతుంది, కాబట్టి వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరసలు నల్లబడతాయి. 1/100 లేదా 1/50 పెడితే చారలు పోతాయి. అంతకంటే వేగం కావాలంటే పగలు తలుపు దగ్గరే తియ్యాలి, వేరే దారి లేదు.

ఒక రీల్ చేసిన పని

ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలి.

మూడో వారంలో నాకు మంచి వీడియో ఒకటి దొరికింది. కొంగు నేస్తుంటే దగ్గర్నుంచి తీశా, వెలుగు పక్క నుంచి పడి జరీ మెరిసింది. రాత్రి ఇన్‌స్టాలో పెట్టా. నా వీడియోల్లో అంతకుముందు దేన్నీ అంతమంది చూడలేదు. రెండు రోజుల తర్వాత బాబాయి పిలిచాడు. కోప్పడలేదు. "నువ్వు తీసింది నన్ను కాదురా అబ్బాయ్, డిజైన్ని" అన్నాడు.

విషయం ఏంటంటే, బాబాయి ఆ చీర నేసేది మజూరీ మీద. నూలు, డిజైన్ మాస్టర్ వీవర్‌వి. ఆ డిజైన్ ఇంకా కొట్లోకి రాలేదు. కొంగు మొత్తం స్పష్టంగా కనపడే వీడియో బయట ఉంటే, ఎవరైనా చూసి మరమగ్గం మీద చవకగా దించెయ్యొచ్చు. మాస్టర్ వీవర్ ఫోన్ చేసి ఎవరు తీశారని అడిగాడట. నేను వెంటనే డిలీట్ చేశా, కానీ అప్పటికే షేర్ చేసినవాళ్ల లెక్క లేదు. ఆ తర్వాతి పడుగు బాబాయికి మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. ఆ మూడు వారాలు మగ్గం చప్పుడు లేదు, అంతే.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. "ఫోటో తియ్యొచ్చా?" అని అడగడం చాలదు. "ఇది బయట పెట్టొచ్చా, ఎక్కడ పెట్టొచ్చు, ఏది కనపడకూడదు?" అని కూడా అడగాలి. ఎవరైనా సరే, తియ్యడానికి మొహమాటానికి ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోలు రీల్‌కి కాదు. ఇప్పుడు మగ్గం మీది బట్టని ఫోకస్ బయట ఉంచుతా, లేదా చేతుల మీదే ఫ్రేమ్ కడతా. ఫోటో ఏమీ తగ్గలేదు, నిజానికి కొంచెం బాగుపడింది.

చీర వెనక్కి వచ్చింది

పని లేని ఆ మూడు వారాల్లో పిన్ని తన సొంత నూలుతో నేయించిన నాలుగు చీరలు వాట్సాప్‌లో అమ్మాలనుకుంది. ఫోటోలు తీసే బాధ్యత నాది. ఆమె అడగలేదు, నేనే తీసుకున్నా.

మొదటి చీర రాణీ పింక్. హాల్లో మంచం మీద పరిచి, ట్యూబ్‌లైట్ వేసి, ఏఐ సీన్ మోడ్‌లో తీశా. నా ఫోన్‌లో అదిరిపోయింది. హైదరాబాద్‌లో ఒకావిడ తీసుకుంది. ఐదో రోజు చీర వెనక్కి వచ్చింది, "ఫోటోలో రంగు వేరు" అని. రెండు వైపులా కొరియర్ ఖర్చు పిన్నిదే. వాడరేవు సూర్యోదయాలు నాకు ఆరు నెలల్లో నేర్పనిది ఆ పార్సిల్ ఒక్క సాయంత్రంలో నేర్పింది.

తప్పులు విడదీసి చూశా. ఒకటి, ఫ్రేమ్ నిండా ఒకే రంగు ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ మోసపోతుంది. అంత గులాబీ రంగు చూసి, అది లైటు వల్ల వచ్చిందేమో అనుకుని తగ్గించబోతుంది. ఆ పైన ఏఐ మోడ్ వచ్చి రంగు పెంచుతుంది. ఈ రెండింటి మధ్య అసలు రంగు పోయింది. పరిష్కారం సింపుల్. ఏఐ సీన్ ఆఫ్ చెయ్యండి. చీర పక్కన మామూలు తెల్ల కాగితం పెట్టి, ప్రో మోడ్‌లో ఆ కాగితం తెల్లగా కనపడేదాకా వైట్ బ్యాలెన్స్ జరిపి, దాన్ని అక్కడే లాక్ చేసి, తర్వాత కాగితం తీసెయ్యండి. పగటి వెలుగుకి సుమారు 5500 కెల్విన్ దగ్గర మొదలుపెట్టొచ్చు. ముఖ్యంగా కిటికీ వెలుగు, ట్యూబ్‌లైట్ రెండూ కలిపి తియ్యకండి. ఒక మడత నీలంగా, ఇంకో మడత పచ్చగా వస్తుంది. ఏ సెట్టింగూ దాన్ని బాగుచెయ్యలేదు. లైట్ ఆపేసి కిటికీ పక్కకి జరపడమే.

రెండు, నా ఫోన్ స్క్రీన్. చాలా అమోలెడ్ ఫోన్లు 'వివిడ్' మోడ్‌లో వస్తాయి, రంగులు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'న్యాచురల్'కి మార్చండి. ఆ తర్వాత ఫోటోని ఇంట్లో ఇంకో ఫోన్‌లో, అసలు చీర పక్కన పెట్టుకుని చూడండి. నేను మా అమ్మ ఎనిమిది వేల ఫోన్ వాడతా. కొనేవాళ్లలో చాలామంది చూసేది అలాంటి ఫోన్లోనే కదా.

మూడు, ఎక్స్‌పోజర్. ఫోన్ ప్రతి సీన్‌నీ మధ్యస్థ వెలుగుకి తేవాలని చూస్తుంది. అందుకే తెల్ల చీర బూడిద రంగులోకి, నల్ల చీర వెలిసినట్టు వస్తాయి. తెల్లదానికి కొంచెం పెంచాలి, నల్లదానికి తగ్గించాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ ఒకసారి తీసి చూస్తే అర్థమవుతుంది. ఎరుపు, రాణీ పింక్‌లకి మాత్రం ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే పెట్టండి. ఎరుపు ఎక్కువైతే నేత గుర్తులు మాయమై ప్లాస్టిక్‌లా కనపడుతుంది.

ఇక నెమలికంఠం చీర నన్ను ఏడిపించింది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఒక వైపు నుంచి నీలం, ఇంకో వైపు నుంచి ఆకుపచ్చ. ఏది అసలు రంగు? రెండూ! ఒకే ఫోటోలో చూపించాలని రెండు రోజులు తంటాలు పడి, చివరికి రెండు కోణాల్లో రెండు ఫోటోలు పంపించా. సన్న నేత మీద అలలు అలలుగా వింత గీతలు కూడా వస్తుంటాయి. దారాల వరసలూ సెన్సర్ పిక్సెల్ వరసలూ ఢీకొనడం వల్ల వచ్చేది అది. ఫోన్ ఒక జానెడు వెనక్కో ముందుకో జరిపితే పోతుంది.

పంపేటప్పుడు ఒక మాట. వాట్సాప్ మామూలుగా ఫోటోని నొక్కేస్తుంది, నేత వివరం పోతుంది. హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. అయితే డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో తీసిన లొకేషన్ వివరాలు కూడా ఫైల్‌తో వెళ్తాయి. ఎవరి ఇంట్లో తీశారో ముక్కూమొహం తెలియనివాళ్లకి చెప్పాల్సిన పని లేదు కాబట్టి, కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ముందే ఆపెయ్యండి.

మీ ఊళ్లో మగ్గం లేకపోతే? తెనాలివాళ్లకి ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వెల్డింగ్ మెరుపులున్న చీకటి షెడ్డు కంటే కష్టమైన ఎక్స్‌పోజర్ పరీక్ష ఎక్కడ దొరుకుతుంది? (నిప్పురవ్వలకి దూరంగా ఉండండి, లెన్స్ గాజు ఊరికే రాదు.) రేపల్లె వైపు ఉంటే నిజాంపట్నం హార్బర్. టిఫిన్ బండి పెట్టిన అన్నకి మెనూ ఫోటోలు కావాలి, వీధి చివర టైలరక్కకి జాకెట్ల ఫోటోలు కావాలి. డబ్బులు అడగొద్దు, మొదటి పది ఫోటోలు ఎలాగూ బాగా రావు. వాడరేవు మానెయ్యమని కాదు. సాయంత్రం వెళ్లి చూడండి. మన తీరంలో సూర్యుడు అస్తమించేది భూమి వైపు, కాబట్టి ఆ వెలుగు సముద్రం వైపు నుంచి వచ్చే మనుషుల మొహాల మీద పడుతుంది. అందరూ పొద్దున్నే వెళ్తారు గానీ మొహాలకి ఆ గంట చాలా బాగుంటుంది.

పిన్ని మిగతా మూడు చీరలూ అమ్ముడయ్యాయి, ఏదీ వెనక్కి రాలేదు. ఇప్పుడు ఆమె దగ్గర హాఫ్‌వైట్ మీద జరీ అంచు చీర ఉంది. తెలుపు కోసం ఎక్స్‌పోజర్ పెంచితే జరీ తెల్లగా కాలిపోతోంది, జరీ కోసం తగ్గిస్తే చీర మాసినట్టుంది. వెలుగుని పక్క నుంచి, ఇంకొంచెం మెత్తగా, కిటికీకి పల్చటి పంచె అడ్డం కట్టి తీద్దామనుకుంటున్నా. ఆదివారం పొద్దున పది గంటలకి రమ్మంది. పంచె నన్నే తెచ్చుకోమంది.