పాఠం 9: యుద్ధరంగం నుంచి వచ్చిన ఉత్తరం

ఈ పాఠం చదివాక, ఉత్తరంలో రాసిన మాటతో పాటు రాయకుండా వదిలిన మాటను కూడా మీరు గుర్తించగలుగుతారు.

కలకత్తాలోని భవానీపూర్‌లో ఒక శ్మశానవాటిక ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో చనిపోయిన సైనికుల సమాధులు అక్కడ ఉన్నాయి. ఆ రాళ్ల మీద పేరు, హోదా, తేదీ చదవవచ్చు. ఆ మనిషి ఏమనుకున్నాడో తెలియాలంటే మాత్రం ఉత్తరాలే దిక్కు.

అదే నగరానికి చెందిన కల్యాణ్ కుమార్ ముఖర్జీ సైన్యంలో వైద్యుడు. 1915లో ఆయన మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు వెళ్లాడు. అక్కడి నుంచి తల్లికి ఉత్తరాలు రాసేవాడు. గాయపడినవారికి కట్లు కట్టే మనిషి కాబట్టి యుద్ధమంటే ఏమిటో దగ్గరగా చూశాడు. దేశభక్తి పేరుతో ఒకరి నేలను ఒకరు లాక్కోవడమే ఇంత రక్తపాతానికి మూలమని 1915లోనే తల్లికి రాశాడు. సైన్యంలో ఉంటూ అలా రాయడం చిన్న విషయం కాదు.

తరువాత టైగ్రిస్ నది ఒడ్డున కుట్ అనే ఊరిలో ఆ సైన్యాన్ని తుర్కులు చుట్టుముట్టారు. 147 రోజుల ముట్టడి తరువాత, 1916 ఏప్రిల్ 29న సైన్యం లొంగిపోయింది. కల్యాణ్ యుద్ధఖైదీ అయ్యాడు. 1917లో రాస్ అల్ ఐన్ శిబిరంలో జ్వరంతో మరణించాడు. ఆ ఉత్తరాలను ఆయన అవ్వ మోక్షదాదేవి 1928లో 'కల్యాణ్ ప్రదీప్' అనే పుస్తకంలో చేర్చి ప్రచురించింది. అప్పటికి ఆమెకు దాదాపు ఎనభై ఏళ్లు.

కల్యాణ్ చదువుకున్నవాడు. ఫ్రాన్సులో కందకాలలో పోరాడిన భారతీయ సైనికులలో చాలామందికి చదువు రాదు. వారు చెబితే మరొకరు రాసేవారు. ఊళ్లో ఇంకొకరు చదివి వినిపించేవారు. భార్యకు చెప్పదలచిన మాట ఇన్ని నోళ్లు దాటాలి! మధ్యలో సైన్యాధికారులు ఉత్తరాలు తెరిచి చూసేవారు. అందుకే కొందరు గూఢంగా రాశారు. నల్ల మిరియాలు అంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరపకాయలు అంటే తెల్ల సైనికులు. మిరియాలు అయిపోవచ్చాయని రాస్తే, అది వంటింటి సంగతి కాదు.

మన పాత ఉత్తరాలలో 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టేవారు. ఇరువైపులా క్షేమమని చెప్పాక అసలు సంగతి అని దాని భావం. కందకంలో ఉన్నవాడు ఆ మాట ఎలా రాయగలడు?

అభ్యాసం
1. 'యుద్ధఖైదీ', 'ముట్టడి' పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
2. మిరియాల మాటను అధికారి ఎలా అర్థం చేసుకొని ఉంటాడు? ఇంట్లోవారు ఎలా అర్థం చేసుకొని ఉంటారు?
3. దూరాన ఉన్న మీ వారికి, మరొకరి చేత రాయించకుండా, పది వాక్యాల ఉత్తరం రాయండి.