అవ్వ గోటీల డబ్బా

కొండాపూర్ పాత ఊరిలో ఒక అవ్వ ఉంది. ఆమె ఇంటి వెనుకనే పెద్ద మేడ లేచింది. ఒకప్పుడు అక్కడ రాళ్లగుట్టలు, జొన్నచేలు ఉండేవి. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత చేలు పోయాయి. మేడలు వచ్చాయి. అవ్వది మాత్రం పాత పెంకుటిల్లే.

మొన్న ఎండకాలంలో ఆ ఇల్లు విప్పి కొత్తది కట్టాలని కొడుకు అనుకున్నాడు. అటక మీది సామాను దించారు. అందులో ఒక రేకు డబ్బా దొరికింది. మూత తుప్పు పట్టింది. మనవడు గట్టిగా గుంజి తీశాడు. డబ్బా నిండా గాజు గోటీలు! కొన్ని ప్రాంతాల్లో వీటినే గోళీలు అంటారు.

"అవ్వా, ఇవి ఎవరివి?" అన్నాడు మనవడు.

"మీ తాతవిరా. సోడా బండి నడిపినప్పటివి."

తాత పోయి పన్నెండేళ్లు అయింది. అవ్వ ఒక గోటీ చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. చాలాసేపు చూసింది.

పాత సామాన్ల బండి అతను వచ్చాడు. "గాజుకు ఏం రేటు వస్తదమ్మా? యాభై రూపాయలు ఇస్త" అన్నాడు. అవ్వ ఇవ్వనన్నది.

రెండు రోజులకు ఇంకొకతను వచ్చాడు. ప్యాంటు, షర్టు, చేతిలో సంచి. "ఇవి పాత గోటీలు. అమెరికాలో లక్షలు పెట్టి కొంటారు. నేను తీసుకుపోయి రేటు కనుక్కొని వస్తా. ఇదిగో అడ్వాన్సు 500 రూపాయలు. ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి" అన్నాడు.

కొడుకు కళ్లు మెరిశాయి. "లక్షలంటే స్లాబు పడతది కదనే అమ్మా" అన్నాడు.

అవ్వ కాగితం అందుకుంది. "వేలిముద్ర ఎందుకు? నాకు సంతకం వస్తది. ముందు చదవనియ్యి" అన్నది.

వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "ఈ డబ్బాలోని గోటీలు అన్నీ 500 రూపాయలకు అమ్మినాను. ఇకమీదట నాకు ఏ హక్కూ లేదు" అని ఉంది.

"నువ్వు అడ్వాన్సు అన్నవు. కాగితంల అమ్మినా అని ఉంది. గిదేంది?" అని అడిగింది అవ్వ.

అతను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మళ్లీ రాలేదు.

కానీ కొడుకు మనసు కుదుటపడలేదు. "అతను మోసగాడే కావచ్చు. గోటీలు నిజంగనే లక్షలు చేస్తయేమో" అన్నాడు. అవ్వ డబ్బా ఎత్తుకొని టీచరమ్మ దగ్గరికి పోయింది. అవ్వకు చదువు నేర్పింది ఆమెనే. టీచరమ్మ గోటీలను చాప మీద పోసి, అందరికీ ఇలా చెప్పింది.

సోడా గోటీ కథ

గోలీ సోడా మనకు బాగా తెలుసు. కానీ ఆ సీసా మన దేశంలో పుట్టలేదు. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1870ల్లో దాన్ని తయారుచేశాడు. 1872లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పేటెంటు అంటే "ఇది నేను కనిపెట్టాను" అని ప్రభుత్వం ఇచ్చే హక్కు.

సీసా మెడలో ఒక గోటీ ఉంటుంది. మూతి దగ్గర రబ్బరు చుట్టు ఉంటుంది. సోడాలోని గ్యాసు గోటీని పైకి నెడుతుంది. గోటీ రబ్బరుకు అతుక్కుంటుంది. అదే మూత. పైనుంచి గట్టిగా నొక్కితే గోటీ కిందికి జారుతుంది, గ్యాసు బయటికి వస్తుంది. మెడలో నొక్కులు ఉంటాయి కాబట్టి గోటీ అక్కడే ఆగుతుంది.

పిల్లలు గోటీ కోసం సీసాలు పగలగొట్టేవారు. అందుకే చాలా దేశాల్లో పాత సీసాలు మిగలలేదు. మన దగ్గర గోలీ సోడా ఇంకా బతికే ఉంది. 2025లో అమెరికా, ఇంగ్లండు, గల్ఫ్ దేశాలకు కూడా ఎగుమతి అవుతున్నదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది.

చేతి గోటీ, యంత్రం గోటీ

ముందు గాజు గోటీలను చేత్తోనే చేసేవారు. జర్మనీ దేశంలో లౌషా అనే ఊరు దీనికి పేరుపొందింది. 1840ల నుంచి అక్కడ గోటీలు చేశారు. కాగిన గాజు కడ్డీని ఒక ప్రత్యేకమైన కత్తెరతో గుండ్రంగా తిప్పి కత్తిరించేవారు. కత్తిరించిన చోట మచ్చ పడేది.

తర్వాత యంత్రం వచ్చింది. అమెరికాలో ఏక్రన్ అనే ఊరు ఉంది. అక్కడి మార్టిన్ క్రిస్టెన్సెన్ గోటీలు చేసే యంత్రానికి 1905లో పేటెంటు పొందాడు. ఆ తర్వాత ఆక్రో అగేట్ అనే కంపెనీ పెద్ద ఎత్తున గోటీలు చేసింది. అది 1951లో మూతపడింది.

యంత్రం ఎలా పనిచేస్తుంది? ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగిస్తారు. అది తేనెలాగా పాకమవుతుంది. ఆ పాకం కిందికి కారుతుంటే కత్తెర ముక్కలుగా కోస్తుంది. ముక్క రెండు ఇనుప రోలర్ల మీద పడుతుంది. రోలర్లకు గాడి ఉంటుంది. అవి తిరుగుతుంటే ముక్క దొర్లుతూ ముందుకు పోతుంది. మనం అరచేతుల మధ్య లడ్డు చుట్టినట్టు, దొర్లి దొర్లి గుండ్రమవుతుంది. చివరికి చల్లారి గట్టిపడుతుంది.

గుర్తుపట్టడం ఎలా?

టీచరమ్మ ఒక భూతద్దం తెచ్చింది. ఎండలో కూర్చొని ఒక్కొక్క గోటీని తిప్పి చూశారు.

1. మచ్చ ఉందా? గోటీకి ఒక కొసన గరుకు మచ్చ ఉండి, లోపలి చారలు ఆ మచ్చ దగ్గర మొదలై ఎదురు కొసన ముగిస్తే, అది చేతి గోటీ కావచ్చు. ఎక్కడ తడిమినా నున్నగా ఉంటే యంత్రం గోటీ.

2. "9" అంకె ఉందా? మొదటి రోజుల్లో కాగిన గాజును మనిషే కడ్డీతో తీసి యంత్రం మీదికి వదిలేవాడు. అప్పుడు గాజు మెలి తిరిగేది. అందుకని పైన "9" అంకెలాగా సుడి, కింద తోకలాగా గీత కనిపిస్తాయి. ఇది పాత యంత్రం గోటీకి మంచి గుర్తు.

3. లోపల ఆకులు ఉన్నాయా? తెల్లని గాజు లోపల రంగు రంగుల ఆకులు ఉంటే దాన్ని పిల్లికన్ను గోటీ అంటారు. ఇవి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1950ల్లో జపాను నుంచి లోకమంతా వ్యాపించాయి. కాబట్టి పిల్లికన్ను గోటీని చూపించి "ఇది నూరేళ్ల నాటిది" అంటే నమ్మకండి.

4. ఏ బొమ్మా లేదా? ఆకుపచ్చ ఛాయతో, లోపల ఏమీ లేకుండా ఉంటే సోడా గోటీ కావచ్చు. గాజు ఇసుకలో ఇనుము ఉంటే ఆ పచ్చదనం వస్తుంది.

5. నూనె మెరుపు ఉందా? నీళ్ల మీద కిరసనాయిలు పోసినట్టు పైన రంగురంగుల మెరుపు ఉంటే, అది ఎక్కువగా ఇటీవలి సరుకే.

లోపల గాలి బుడగలు ఉన్నంత మాత్రాన గోటీ పాతది కాదు. కొత్త గోటీల్లోనూ బుడగలు ఉంటాయి. అలాగే ఒక్క గుర్తుతోనే తేల్చకూడదు. నాలుగైదు గుర్తులు కలిపి చూడాలి. ఒక కంపెనీ గోటీని చూసి ఇంకో కంపెనీ చేసేది. అందుకని కంపెనీ పేరు చెప్పడం నిపుణులకు కూడా కష్టమే.

లెక్క తేలింది

సాయంత్రానికి గోటీలను నాలుగు కుప్పలు చేశారు. సోడా గోటీలు 96. పిల్లికన్ను గోటీలు 38. నూనె మెరుపువి 7. తెల్ల గాజు మీద ఎర్ర సుడి ఉన్నవి 2. మొత్తం 143.

ఆ రెండింటి మీద భూతద్దం పెట్టి చూశారు. పైన "9" ఉంది. కింద తోక ఉంది. మచ్చ లేదు.

"ఇవి రెండూ పాత యంత్రం గోటీలు కావచ్చు అవ్వా. ఏరేవాళ్లకు వీటి మీద ఇష్టం ఉంటది. కానీ ఒక దాని మీద నెలవంక లాంటి దెబ్బ ఉంది. దెబ్బ తగిలితే విలువ తగ్గుతది. లక్షలైతే రావు" అన్నది టీచరమ్మ.

కొడుకు ముఖం చిన్నబోయింది. "మరి దెబ్బ పోయేటట్టు అరగదీయిస్తే?" అని అడిగాడు.

"వద్దు బాబూ. అరగదీస్తే గోటీ చిన్నదైతది. మొదటి నునుపు పోతది. తెలిసినవాళ్లు అట్లాంటివి తక్కువకే అడుగుతరు."

తర్వాత టీచరమ్మ అవ్వను ఒక మాట అడిగింది. "ఈ రెండూ తాతకు ఎక్కడ దొరికినయి?"

అవ్వ కాసేపు ఆలోచించింది. "సికింద్రాబాద్‌ల పాత సీసాలు కొననీకె పోయిండు. సీసాలు అమ్మినాయన ఊరికే ఇచ్చిండట. మా పెద్దోడు పుట్టిన ఏడు అది. పిలగాడు ఆడుకుంటడని తెచ్చిండు."

"అది రాసిపెట్టు అవ్వా. గోటీ గాజును ఎవరైనా చూసి చెప్తరు. అది ఎట్లా వచ్చిందో నువ్వు ఒక్కదానివే చెప్పగలవు" అన్నది టీచరమ్మ.

పుస్తకంలో రాసుకుందాం

గోటీలే కాదు, ఏ పాత వస్తువు దాచుకున్నా ఒక పుస్తకం పెట్టుకోవాలి. ఇందులో ఆరు సంగతులు రాయాలి.

1. వరుస సంఖ్య
2. రంగు, లోపలి బొమ్మ
3. కొలత
4. దెబ్బలు ఉన్నాయా
5. ఎవరిది, ఎక్కడ దొరికింది
6. ఏ సంవత్సరం

కొలత ఎలా తీయాలి? గోటీని రెండు అగ్గిపెట్టెల మధ్య పెట్టండి. పెట్టెల మధ్య దూరం స్కేలుతో కొలవండి. మామూలు గోటీ సుమారు 16 మిల్లీమీటర్లు ఉంటుంది. బరువు సుమారు 5 గ్రాములు. 25 మిల్లీమీటర్ల పెద్ద గోటీ సుమారు 20 గ్రాములు తూగుతుంది. చూడండి! అడ్డం కొలత రెండింతలు కూడా కాలేదు. బరువు మాత్రం నాలుగింతలు అయింది.

జాగ్రత్తలు

గోటీలను గోరువెచ్చని నీళ్లతో, సబ్బుతో కడగండి. మరిగే నీళ్లు పోయకండి. గాజు పగులుతుంది. ఇసుకతో, బూడిదతో తోమకండి. గీతలు పడతాయి. ఒకదానికొకటి తగలకుండా దూదిలో పెట్టండి.

చిన్న పిల్లలకు గోటీలు ఇవ్వకండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడి ప్రాణం మీదికి వస్తుంది.

పాత సోడా సీసా దొరికితే గోటీ కోసం పగలగొట్టకండి. గాజు గుచ్చుకుంటుంది. పైగా గోటీ కంటే పగలని సీసాకే విలువ ఎక్కువ.

పాత ఇళ్లు కూల్చే చోటికి అడగకుండా పోకండి. గోడలు మీద పడవచ్చు.

ఇంకో సంగతి. సంగారెడ్డి దగ్గర కూడా ఒక కొండాపూర్ ఉంది. అక్కడ 1940ల్లో తవ్వితే శాతవాహనుల కాలం నాటి నాణేలు, మట్టి బొమ్మలు, పూసలు బయటపడ్డాయి. గాజు పూసలు కూడా ఉన్నాయి. వాటిని అక్కడి మ్యూజియంలో చూడవచ్చు. అలాంటి చోట చిన్న పూస అయినా ఏరుకోకూడదు. అది చట్టం ప్రకారం నేరం. అవి మనందరి ఆస్తి.

డబ్బా మీద చీటీ

ఆ రాత్రి అవ్వ దీపం దగ్గర కూర్చుంది. మనవడి నోటుపుస్తకంలో గీతలు కొట్టింది. రెండు రోజుల్లో అన్నీ రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అయినా అర్థమవుతాయి.

"నాకు ఆడుకోనీకె ఇయ్యవా అవ్వా?" అన్నాడు మనవడు.

అవ్వ పిల్లికన్ను గోటీలు ఇరవై లెక్కపెట్టి ఇచ్చింది. పుస్తకంలో "20 మనవడికి ఇచ్చిన" అని రాసింది. సోడా గోటీలు, సుడి గోటీలు మాత్రం ఇవ్వలేదు.

కొత్త ఇంటికి స్లాబు కోసం కొడుకు వేరే దారి చూసుకుంటున్నాడు. డబ్బా మళ్లీ అటక ఎక్కలేదు. అవ్వ మంచం పక్కన గూట్లో ఉంది. దాని మీద ఒక చీటీ అంటించి ఉంది. "తాత సోడా బండి గోటీలు. కొండాపూర్" అని రాసి, కింద అవ్వ సంతకం పెట్టింది.

చదివారా? చెప్పండి

1. అవ్వ వేలిముద్ర వేసి ఉంటే ఏమయ్యేది?
2. పిల్లికన్ను గోటీ నూరేళ్ల నాటిది అని ఎందుకు అనలేం?
3. పాత యంత్రం గోటీకి ఉండే రెండు గుర్తులు రాయండి.
4. అవ్వ మనవడికి 20 పిల్లికన్ను గోటీలు ఇచ్చింది. ఆమె దగ్గర ఇంకా ఎన్ని పిల్లికన్ను గోటీలు ఉన్నాయి? మొత్తం గోటీలు ఎన్ని మిగిలాయి?
5. మీ ఇంట్లో పెద్దలు వాడిన పాత వస్తువు ఏదైనా ఉందా? అది ఎవరిదో, ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో రాయండి. గుర్తు లేకపోతే, చెప్పగలిగిన పెద్దలను ఇవాళే అడగండి.