పోటీ పరీక్షల ప్రత్యేకం: కృష్ణా తీరంలో రోమన్ ఆనవాళ్లు

బ్రిటన్‌లో రోమన్ల ఉత్తర సరిహద్దు కోట విందోలాండాలో 1973లో సిరాతో రాసిన చెక్క పలకలు దొరికాయి. సైనికుల రోజువారీ జీవితం గురించి వాటివల్ల ఎంతో తెలిసింది. అయితే ఆంధ్రదేశానికి రోమన్ సైన్యం రాలేదు, రోమన్ బంగారం వచ్చింది. నందివెలుగు, తెనాలి, రేపల్లె ప్రాంత అభ్యర్థులు ముందుగా చదవాల్సింది తమ చుట్టుపక్కల చరిత్రనే.

ముఖ్యాంశాలు
• ధరణికోట: ప్రాచీన ధాన్యకటకం. 1960ల తవ్వకాల్లో కోట మట్టికట్ట, దానికి ఆనుకుని పడవల రేవు బయటపడ్డాయి. రేవును మొదట కలపతో, తర్వాత ఇటుకలతో కట్టారు.
• వినుకొండ: 1889లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వీటిలో టైబీరియస్ మొదలు కారకల్లా వరకు పలువురు చక్రవర్తుల నాణేలున్నాయి.
• భట్టిప్రోలు: తెనాలి–రేపల్లె రైలు మార్గంలో ఉంది. 1892లో అలెగ్జాండర్ రే స్తూపంలో ధాతు పేటికలను కనుగొన్నారు. వాటి శాసనాల్లో కుబేరకుడనే రాజు పేరుంది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీలో ఒక ప్రత్యేక రూపం.
• గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ ఈ తీరాన్ని ‘మసాలియా’ అని పేర్కొని, ఇక్కడి సన్నని వస్త్రాలను ప్రస్తావించింది.

గుర్తుంచుకోండి: రోమన్ నాణెం దొరికిన ప్రతిచోటా రోమన్లు నివసించారని అర్థం కాదు, అది వాణిజ్యానికి సాక్ష్యం.

మాదిరి ప్రశ్నలు
1. కుబేరకుని పేరున్న శాసనాలు ఎక్కడివి? – భట్టిప్రోలు
2. ధరణికోట ప్రాచీన నామం? – ధాన్యకటకం