గాడి తప్పనిచ్చే ట్రంపెట్

ఎనిమిదో తరగతిలో నేను మా స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించేవాణ్ణి. అది ఆరు నెలల ముచ్చట. జనవరి 26 పరేడ్‌కి పది రోజుల ముందు బ్యాండ్ మాస్టర్ గారు నన్ను పక్కకి పిలిచి, "నీ శ్రుతి నిలబడట్లేదురా, నువ్వు సైడ్ డ్రమ్ తీసుకో" అన్నారు. ముఖ్యంగా ఒక్క స్వరంతోనే నాకు గొడవ. మూడు వాల్వులూ కలిపి నొక్కితే వచ్చే కింది స్వరం అది. నేనెంత ప్రయత్నించినా కొంచెం పైకే పలికేది. నాకు సంగీతం వినే చెవి లేదని ఆ రోజే డిసైడ్ అయిపోయాను.

మళ్ళీ ట్రంపెట్ గురించి ఆలోచించింది ఈ సెమిస్టర్‌లోనే. మినీ ప్రాజెక్ట్ కోసం పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఆడియో ఫైల్ ఇస్తే ప్రతి క్షణం ఏ ఫ్రీక్వెన్సీ మోగుతోందో కనిపెట్టి, 12 స్వరస్థానాల్లో దానికి దగ్గరగా ఉన్నదాని పేరు ప్రింట్ చేస్తుంది. కీబోర్డ్ మీద వాయించినవి చక్కగా చెప్పింది. తర్వాత మైల్స్ డేవిస్ 1959లో రికార్డ్ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లోంచి ట్రంపెట్ వినిపించే ఒక ముక్క ఇచ్చాను. అంతే, అవుట్‌పుట్ ఊగిపోయింది. చెవికి ఒకటే స్వరం వినిపిస్తుంటే, స్క్రీన్ మీద రెండు పేర్లు మారి మారి వచ్చాయి. మొదట కోడ్‌లో బగ్ అనుకున్నాను. రెండు రాత్రులు వెతికాను, బగ్ దొరకలేదు. ఆయన స్వరాన్ని కొంచెం కింద మొదలుపెట్టి, మెల్లగా పైకి తెచ్చి, చివర్లో మళ్ళీ వదిలేస్తున్నారు. దాన్ని నేను బలవంతంగా రౌండ్ ఆఫ్ చేస్తున్నాను!

ఆయన వాయించిన ట్రంపెట్ ఏంటా అని చదవడం మొదలుపెట్టాను. దాని పేరు మార్టిన్ కమిటీ. జాజ్ వాళ్ళకి ఆ పాత మోడల్ అంటే ఎందుకంత ఇష్టమో నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మూడు వాల్వుల లెక్క

ట్రంపెట్ అంటే చుట్టలు చుట్టిన ఒక ఇత్తడి గొట్టం. మామూలు బి-ఫ్లాట్ ట్రంపెట్‌ని సాగదీస్తే దాదాపు 148 సెంటీమీటర్లు ఉంటుంది. ఏ వాల్వూ నొక్కకపోతే అందులో కొన్ని స్వరాలే పలుకుతాయి. మిగతావి రావాలంటే గొట్టం పొడవు పెరగాలి. వాల్వ్ చేసే పని అదే. నొక్కగానే గాలిని ఒక అదనపు గొట్టం ముక్కలోంచి తిప్పి పంపిస్తుంది. రెండో వాల్వ్ ఒక స్వరస్థానం, మొదటిది రెండు, మూడోది మూడు స్వరస్థానాలు కిందకి దించుతాయి.

ఒక స్వరస్థానం దిగాలంటే పొడవు సుమారు 5.95 శాతం పెరగాలి. అంటే రెండో వాల్వుకి 8.8 సెం.మీ. ముక్క కావాలి. ఇదే లెక్కన మొదటిదానికి 18.1, మూడోదానికి 28 సెం.మీ. ఇంతవరకు బాగానే ఉంది. మూడూ కలిపి నొక్కితే ఆరు స్వరస్థానాలు దిగాలి. దానికి కావలసింది 61.3 సెం.మీ. మన దగ్గరున్న మూడు ముక్కలూ కలిపితే 54.9 మాత్రమే. 6.4 సెం.మీ. తక్కువ!

కారణం సింపుల్. శాతాలు ఒకదాని మీద ఒకటి గుణకారంలో పెరుగుతాయి, గొట్టం ముక్కలు కూడికలో కలుస్తాయి. లాగరిథమ్ చదువుకున్న మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఫలితంగా ఆ స్వరం దాదాపు సగం స్వరస్థానం పైకి పలుకుతుంది. దీన్ని సరిచేయడానికి మూడో ముక్కని అసలు లెక్క కంటే కొంచెం పొడవుగా చేస్తారు. అది చాలదు కాబట్టి వాయించేటప్పుడు వేలితో బయటికి లాగేలా ఒక స్లైడ్, దానికో రింగు పెడతారు.

ఈ లెక్క పూర్తయ్యాక నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా స్కూల్ ట్రంపెట్‌కి ఆ స్లైడ్ చిలుము పట్టి బిగుసుకుపోయి ఉండేది. అది కదులుతుందన్న సంగతే నాకు తెలీదు. నన్ను బ్యాండ్‌లోంచి తీసేసిన స్వరం ఇదే.

అసలు సంగతేంటంటే, ట్రంపెట్ అనేదే ఒక రాజీ. అన్ని స్వరాలూ కచ్చితంగా పలికే మూడు వాల్వుల ట్రంపెట్‌ని లెక్క ప్రకారం ఎవరూ చేయలేరు. మిగిలిన తేడాని ఎవరు సర్దుకోవాలి, వాయిద్యమా, మనిషా? ట్రంపెట్ డిజైన్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఎల్క్‌హార్ట్ ఊరి 'కమిటీ'

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ బ్యాండ్ వాయిద్యాల తయారీకి పేరుపడ్డ ఊరు. మార్టిన్ కంపెనీ అక్కడిదే. 1930ల చివర్లో వాళ్ళు ఈ మోడల్ తెచ్చారు. పేరున్న వాద్యకారుల కమిటీ కూర్చుని దీన్ని రూపొందించిందని కంపెనీ ప్రచారం చేసుకుంది, ఆ పేరే మోడల్‌కి నిలిచిపోయింది. డిజైన్ క్రెడిట్ మాత్రం ఎక్కువగా రెనాల్డ్ షిల్కీకి ఇస్తారు. ఆయన చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించినవాడు, తర్వాత 1956లో సొంత ట్రంపెట్ కంపెనీ పెట్టినవాడు. ఒక సింఫనీ మనిషి చెయ్యి పడ్డ ట్రంపెట్ చివరికి జాజ్ వాళ్ళ గుర్తుగా మిగలడం నాకు గమ్మత్తుగా అనిపించింది.

1940లు, 50ల్లో దీన్ని పట్టుకున్నవాళ్ళ పేర్లు చూస్తే జాజ్ చరిత్ర పుస్తకంలో విషయసూచికలా ఉంటుంది: డిజ్జీ గిలెస్పీ, మైల్స్ డేవిస్, చెట్ బేకర్, లీ మోర్గాన్. డిజ్జీ ట్రంపెట్ కథ అందరికీ తెలిసిందే. 1953లో ఒక పార్టీలో ఎవరో దాని మీద పడితే బెల్ పైకి వంగిపోయింది. వాయించి చూస్తే ఆ శబ్దమే ఆయనకి నచ్చింది. మరుసటి ఏడాది మార్టిన్ కంపెనీ చేతే 45 డిగ్రీలు పైకి లేచిన బెల్‌తో కొత్తది చేయించుకున్నాడు.

గాడి అంటే ఏంటి?

ట్రంపెట్ వాళ్ళ భాషలో 'స్లాట్' అనే మాట ఉంది. దానికి మన 'గాడి' సరిగ్గా సరిపోతుంది.

ఉయ్యాల ఊపడం గుర్తు తెచ్చుకోండి. సరైన సమయానికి తోస్తే చిన్న తోపుకే ఎత్తుకి వెళ్తుంది. ట్రంపెట్‌లో పెదవులు కంపిస్తాయి, ఆ అల గొట్టంలో ప్రయాణించి, బెల్ దగ్గర కొంత బయటికి వెళ్ళి, కొంత వెనక్కి తిరిగొస్తుంది. వెనక్కొచ్చిన అల సరైన సమయానికి పెదవుల్ని తోస్తే ఆ స్వరం నిలబడుతుంది. ఆ స్వరానికి రెండు రెట్లు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీల దగ్గర కూడా గొట్టం ఇలాగే సాయం చేస్తే, అన్నీ కలిసి స్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. ఇదే లోతైన గాడి. పెదవులు కొంచెం అటూ ఇటూ అయినా వాయిద్యమే స్వరాన్ని మళ్ళీ గాడిలో పెడుతుంది. ఈ సాయం ఎక్కడ ఎంత ఉండాలో గొట్టం లోపలి ఆకారం తేలుస్తుంది, ముఖ్యంగా మౌత్‌పీస్ తర్వాత వచ్చే మొదటి గొట్టం, చివరి బెల్ ఎలా వెడల్పవుతున్నాయన్నది.

ఆర్కెస్ట్రాలో లోతైన గాడి కావాలి. పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు ట్రంపెట్లు ఉంటారు, అందరూ ఒకే శ్రుతిలో, పెద్ద హాలు నిండేలా వాయించాలి. అక్కడ స్వరం జారితే అది తప్పే. అమెరికన్ ఆర్కెస్ట్రాల్లో ఎక్కువగా కనిపించే బాక్ స్ట్రాడివేరియస్ ట్రంపెట్‌కి ఉన్న మంచి పేరు ఆ నిలకడ వల్లే.

కమిటీ గాడి అంత లోతుగా ఉండదని వాయించేవాళ్ళు చెబుతారు. స్వరాన్ని పెదవులతో కిందకి లాగొచ్చు, పైకి తేవచ్చు, మధ్యలో వేలాడదీయొచ్చు. శబ్దం కూడా మిరుమిట్లు గొలిపే మెరుపు కాదు, కొంచెం చీకటిగా, ఊపిరి కలిసినట్టు ఉంటుంది. చిన్న క్లబ్బులో నలుగురైదుగురితో, మైక్ దగ్గర నిలబడి వాయించే మనిషికి హాలు నింపే బలంతో పని లేదు. మాట్లాడినట్టు వాయించగలిగితే చాలు. దీనికి ధర కూడా ఉంది. గాడి పట్టుకోని చోట శ్రుతి బాధ్యత మొత్తం మనిషిదే. చెవి గట్టిది కాకపోతే ఈ ట్రంపెట్ మనల్ని అందరి ముందు పట్టిచ్చేస్తుంది.

ట్రంపెట్ ఒకటే, గొంతులు వేరు

మరి ఆ మోడల్ కొంటే మైల్స్‌లా పలుకుతుందా? పలకదు. ఆ నలుగురి రికార్డింగులు ఒకదాని తర్వాత ఒకటి వింటే అర్థమవుతుంది. డిజ్జీ పైస్థాయిలో నిప్పురవ్వల్లా పరిగెత్తుతాడు. మైల్స్ రెండు స్వరాల మధ్య మౌనం కూడా సంగీతమే అన్నట్టు ఆగుతాడు. చెట్ బేకర్ పాడినట్టే వాయిస్తాడు. లీ మోర్గాన్ ఆటపట్టిస్తున్నట్టు స్వరాన్ని సగం నొక్కి జారుస్తాడు. అందరిదీ ఒకే మోడల్ అని చెప్తే తప్ప తెలీదు. నా ఉద్దేశంలో దాని ఆకర్షణ అసలు ఇక్కడుంది. ఆ ట్రంపెట్ వాళ్ళకి ఒక శబ్దాన్ని ఇచ్చి ఊరుకోలేదు, ఎవరి శబ్దం వాళ్ళు చేసుకునే చోటు వదిలింది.

అలాగని పాతదంతా బంగారం అనుకోకూడదు. మార్టిన్ కంపెనీ 1960ల్లో చేతులు మారింది, 1971లో లెబ్లాంక్ కిందకి వెళ్ళింది. అన్ని కాలాల కమిటీలూ ఒకేలా ఉండవు. పాతవాటిలో వాల్వులు అరిగి గాలి లీకవుతుంది, స్పేర్ పార్టులు దొరకవు. అయినా క్రిస్ బొట్టి లాంటివాళ్ళు 1939 నాటి కమిటీనే ఇప్పటికీ స్టేజి ఎక్కిస్తున్నారు. మైల్స్ వాడిన ఒక నీలిరంగు మార్టిన్ 2019లో క్రిస్టీస్ వేలంలో 2,75,000 డాలర్లు పలికింది. అది ఆయన పేరుకి కట్టిన ధర. గాడి లోతుకి కాదు.

మనకీ తెలిసిన గొడవే

ఈ చర్చ మన దేశంలోనూ జరిగింది, వేరే వాయిద్యం మీద. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంని నిషేధించింది. 1971లో గానీ సడలించలేదు. ప్రధానమైన అభ్యంతరాల్లో ఒకటి, దాని మెట్లు స్థిరం, ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య జారే గమకం అందులో పలకదు అని. అదే పడమటి నుంచి వచ్చిన వయొలిన్‌కి మెట్లు లేవు, వేలు ఎక్కడైనా ఆగొచ్చు, జారొచ్చు. అందుకే కర్ణాటక సంగీతం దాన్ని సొంతం చేసుకోగలిగింది. హార్మోనియం చెడ్డదని కాదు, అది లేకపోతే మన పద్య నాటకం ఏమయ్యేదో! ఏ సంగీతానికి ఎంత గాడి కావాలన్నదే ప్రశ్న.

చివరగా

సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు, మా వీధిలో పెళ్ళి బ్యాండ్‌లో వాయించే అన్నని అడిగి ట్రంపెట్ తీసుకున్నాను. మూడు వాల్వులూ నొక్కి ఊదాను. అదే పాత స్వరం, అదే పైశ్రుతి. అన్న నవ్వి, "ఆ రింగు బయటికి లాగు తమ్ముడూ. లాగకపోతే పైకే పోద్ది. నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు. లాగాను. స్వరం దిగింది. గొప్పగా ఏమీ లేదు, ఊపిరి చాలక మధ్యలోనే ఆగిపోయింది. కానీ దిగింది.

హాస్టల్‌కి వచ్చాక ప్రోగ్రామ్‌లో ఒక్క లైన్ తీసేశాను, రౌండ్ ఆఫ్ చేసే లైన్. ఇప్పుడది స్వరాల పేర్లు చెప్పదు, గీత గీస్తుంది. మైల్స్ గీత ఎక్కడా మెట్లలా లేదు, చేతిరాతలా ఉంది. ప్రాజెక్ట్ రివ్యూలో మేడమ్ "అవుట్‌పుట్‌లో నోట్ పేర్లు ఏవి?" అని అడిగారు. ఈ వ్యాసంలో చెప్పిందంతా చెప్పాను. ఓపిగ్గా విని, "సరే, రెండూ చూపించు" అన్నారు. రెండూ చూపించే పనిలో ఉన్నాను.

తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం నాకిదే మొదటిసారి. స్కూల్లో మాకు తెలుగు రెండో భాష, మార్కుల కోసం చదివిందే. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా గాడి తప్పి ఉంటే క్లబ్ పెద్దలు దిద్దండి. మిగతావాళ్ళు ఈ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'కైండ్ ఆఫ్ బ్లూ' ఒకసారి వినండి. ట్రంపెట్ స్వరం మొదలయ్యే చోట, ముగిసే చోట చెవి పెట్టండి.